చెరువు చేపలకు మొప్పపురుగు
పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

అనంతపురపు సీమలో చెరువు నిండినదన్న ఊరికి పండుగ వచ్చినట్లే. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ మెట్ట పీఠభూమిలో, కురిసిన ఆ కొద్దిపాటి నీటిని నిలుపుటకై పూర్వులు చెరువులు కట్టించిరి. చిత్రావతి నీటితో నిండు బుక్కపట్టణము, ధర్మవరము చెరువులును, శింగనమల చెరువును, 14వ శతాబ్దమునాటి బుక్కరాయసముద్రము చెరువును అందరెరిగినవే. కట్ట తెగనున్న వేళ ఊరికొరకు తన్ను తాను బలియిచ్చుకొన్న ముసలమ్మ కథ ఈ బుక్కరాయసముద్రమునదే. చెరువునకును ఊరికిని గల బంధము ఎట్టిదో ఆ కథయే చెప్పుచున్నది.

చెరువు నీరు ఆయకట్టు పైరునకు ఆధారము. ఆ నీటిలోనే మరియొక పంట కలదు. అది చేప. దున్నకయే, ఎరువు చల్లకయే, నీరు నిలిచిన ఆరేడు నెలలలో చేతికి వచ్చు పంట అది. చేపల హక్కును కౌలునకిచ్చుటవలన పంచాయతీకి కొంత రాబడి కలుగును. పట్టుకొని అమ్ముటవలన మత్స్యకారుల సహకార సంఘమునకు జీవనము జరుగును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేర్చిన 11వ అనుబంధమున, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో మత్స్యపరిశ్రమ అయిదవదిగా నున్నది. కావున చెరువు చేప మేలుకీడులు పంచాయతీ సభ్యులు విచారింపవలసినవే.

అయితే కొన్ని యేండ్లు ఇట్లు జరుగును. వానకాలమున పిల్లలను వదలుదురు. సంక్రాంతి వరకు చేపలు చక్కగా ఎదుగుచున్నట్లే కన్పట్టును. శివరాత్రి దాటి నీరు తగ్గుసరికి చేపలు పైకి వచ్చి నోరు తెరచి గాలికై తపించును. రాళ్లకు, తూము గోడలకు ఒంటిని రాచుకొనును. ఒక ఉదయమున గట్టు వెంబడి తెల్లగా తేలును. అప్పుడు ఊరిలో మొదట పుట్టు మాట యేది? ఎవరో చెరువులో విషము కలిపిరని. కౌలు దొరకనివారిమీద ఒకరికి అనుమానము; ఎన్నికలలో ఓడినవారిమీద మరియొకరికి అనుమానము. చేపలు పోయిన నష్టము ఒక యేటితో తీరును. ఆ మాటవలన రేగిన పగ ఎన్ని యేండ్లకు తీరునో చెప్పజాలము.

నిజముగా విషము కలిపిన సందర్భములు ఉండవచ్చును. ఎండకాలపు నీటిలో ప్రాణవాయువు చాలకయు చేపలు చచ్చును. కాని అనేక పర్యాయములు దోషి చేప మొప్పలలోనే దాగియుండును. అది కంటికి ఆనని ఒక చిన్న పురుగు. ఆ పురుగును గూర్చియే ఈ వ్యాసము.

పురుగు ఎట్టిది?

జంతుశాస్త్రమున దీని పేరు డాక్టిలోగైరస్. బద్దెపురుగు, పశువుల కాలేయపు జలగ మొదలగువానితోపాటు ఇదియు బల్లపరుపు పురుగుల జాతికి చెందినది. 1850లో డీసింగ్ అను శాస్త్రజ్ఞుడు దీనికి ఆ పేరిడెను. ఇది ఒకే పురుగు పేరు కాదు. ఒక పెద్ద కుటుంబపు పేరు. ఇందు ఇప్పటికి తొమ్మిదివందలకు పైగా రకములు గుర్తింపబడినవి. ఇవి ముఖ్యముగా బొచ్చె, రాగండి, బంగారుతీగ మొదలగు మంచినీటి చేపల మొప్పలపై నివసించును. మనము దీనిని మొప్పపురుగు అని పిలుచుకొందము.

మొప్పపురుగు పొడవు సాధారణముగా ఒక మిల్లీమీటరునకు లోపే. అనగా రాగిగింజయంత కూడ ఉండదు. సూక్ష్మదర్శినిలో చూచినచో సన్నని తెల్లని జలగవలె కన్పట్టును. తలవైపున నాలుగు నల్లని చుక్కలుండును. అవి వెలుతురును గుర్తించు కన్నులు. తోకవైపున గుండ్రని పట్టు ఒకటి కలదు. దాని నడుమ రెండు పెద్ద కొక్కెములు, అంచు చుట్టు 14 చిన్న కొక్కెములు ఉండును. పడవ లంగరు ఇసుకలో నాటుకొన్నట్లు ఈ కొక్కెములు మొప్పల మెత్తని కండలో నాటుకొనును. పిమ్మట పురుగు ఆ మొప్పపొరను, జిగురును, నెత్తురును తినుచు బ్రతుకును.

మొప్ప చేపకు ఊపిరితిత్తి వంటిది. నీటిలో కరగియున్న ప్రాణవాయువు మొప్పలలోని పలుచని పొరగుండ నెత్తురులోనికి చేరును. పురుగులు గాయపరచినప్పుడు ఆ పొర వాచి దళసరియగును. దానిపై జిగురు పేరుకొనును. నీటిలో గాలి యున్నను చేపకు అందదు. పెద్ద చేపపై పది ఇరువది పురుగులున్నను అది సహించును. అంగుళము పొడవు పిల్లపై అవియే యున్నచో ప్రాణాపాయము. కావుననే దీనివలన పిల్లల చెరువులలో నష్టము ఎక్కువ.

దీనికి దాయాది యొకటి కలదు. దాని పేరు గైరోడాక్టిలస్. అది ముఖ్యముగా చేప చర్మమును, రెక్కలను పట్టుకొని యుండును. దానికి కన్నులు లేవు. అంచున 16 చిన్న కొక్కెములుండును. అది గ్రుడ్లు పెట్టక పిల్లను కనును. తల్లి కడుపులో పిల్ల, ఆ పిల్ల కడుపులో మరియొక పిల్ల అప్పుడే పెరుగుచుండును! ఒక్క పురుగు చేరినను కొలదికాలములో వందలగుటకు ఇదియే కారణము.

ఎట్లు పెరుగును?

పశువులకు వచ్చు కాలేయపు జలగ తన జీవితములో కొంతకాలము నత్తలో గడపవలెను. నత్తలు లేనిచోట అది వర్ధిల్లజాలదు. మొప్పపురుగునకు అట్టి మధ్యవర్తి అవసరము లేదు. చేపనుండి చేపకు తిన్నగా పోవును. ఒక్కొక్క పురుగులోను ఆడతనము, మగతనము రెండును కలవు. కావున ప్రతి పురుగును గ్రుడ్లు పెట్టును. గ్రుడ్లు నీటిలో జారి అడుగున బురదపైనను, నాచుపైనను నిలుచును. వెచ్చని నీటిలో రెండు మూడు దినములు మొదలు ఆరు దినములలోపల అవి పొదుగును. చలిదేశముల చన్నీటిలో ఇదే పనికి వారములు పట్టును.

గ్రుడ్డునుండి వెలువడిన పిల్లపురుగు ఒంటిపై సన్నని నూగు కలిగి నీటిలో ఈదును. తనకు తగిన చేపను అది కొన్ని గంటలలో, మహాయైన ఒకటి రెండు దినములలో చేరుకొనవలెను. చేరినచో నూగు రాల్చుకొని మొప్పలకు ప్రాకి స్థిరపడును. చేరలేనిచో చచ్చును.

పంచాయతీ సభ్యులు ఈ సంగతిని ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. పిల్లపురుగు బ్రతుకు చేప ఎంత దగ్గరగా నున్నదను దానిపై ఆధారపడియున్నది. చేపలు దూరదూరముగా నున్నచో పిల్లపురుగులలో అధికభాగము నశించును. చేపలు క్రిక్కిరిసియున్నచో అధికభాగము బ్రతుకును.

నీరు తగ్గినకొలది

మన చెరువుల తీరు చూడుడు. ఉదాహరణకు, అక్టోబరులో ఒక చెరువు 40 ఎకరముల విస్తీర్ణమున, సగటున 5 అడుగుల లోతున నిండినదనుకొందము. అనగా 200 ఎకరపుటడుగుల నీరు. అందు 12,000 చేపలున్నచో ఎకరపుటడుగునకు 60 చేపలు. మార్చి నాటికి ఆ చెరువు 8 ఎకరములకు, రెండున్నర అడుగుల లోతునకు తగ్గినచో మిగిలినది 20 ఎకరపుటడుగుల నీరు. చేపలు అన్నే. ఇప్పుడు ఎకరపుటడుగునకు 600 చేపలు. పదింతలు దగ్గరయినవి. అక్టోబరులో చేపను వెదకి వెదకి చచ్చిన పిల్లపురుగునకు మార్చిలో ఎటు తిరిగినను చేపయే ఎదురగును.

దీనికి మరి రెండు కష్టములు తోడగును. నీరు వేడెక్కుటవలన గ్రుడ్లు త్వరగా పొదుగును. ఇది మొదటిది. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా కరగును. ఇది రెండవది. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఒక లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడగా, 35 డిగ్రీల వద్ద సుమారు 7 మిల్లీగ్రాములే ఇముడును. నీటిలో గాలి తగ్గిన సమయముననే మొప్పలు చెడి, ఉన్న గాలియు చేపకు అందకపోవును. శివరాత్రి తరువాత చెరువు చేప అకస్మాత్తుగా కూలిపోవుటకు ఇది ఒక ముఖ్యకారణము. ఎవరును విషము కలుపనక్కరలేదు.

పురుగు ఎక్కడినుండి వచ్చును?

వేసవిలో ఎండి, అడుగు నెఱ్ఱెలు విచ్చిన చెరువులో పురుగు ఎట్లు మిగిలినదని సభ్యులు ప్రశ్నింపవచ్చును. ఇది మంచి ప్రశ్న. సమాధానమేమనగా, అది మిగులలేదు. చేప లేనిచోట మొప్పపురుగు బ్రతుకదు. దాని గ్రుడ్లు తడి యున్నంతవరకే నిలుచును. చెరువడుగు ఎండి నెఱ్ఱెలు విచ్చినప్పుడు నశించును. సంపూర్ణముగా ఎండిన మన చెరువు ఈ పురుగు విషయమున కడిగిన గిన్నె వంటిది. మరల పురుగు వచ్చినదనగా, అది సాధారణముగా మనము డబ్బిచ్చి తెచ్చిన పిల్లల మొప్పలలో కూర్చుండి వచ్చినదన్నమాట.

పూర్వము బొచ్చె, రాగండి, ఎర్రమోసు పిల్లలను వరదకాలమున నదులనుండి ఏరి తెచ్చెడివారు. ఈ చేపలు నిలువనీటిలో గ్రుడ్లు పెట్టవు. 1957 జూలై 10వ తేదీన ఒరిస్సాలోని అంగుల్‌లో డాక్టర్ హీరాలాల్ చౌదరి మొదలగు శాస్త్రజ్ఞులు చేపల తలలోని ఒక గ్రంథి రసమును ఎక్కించి, చెరువు చేపలచే గ్రుడ్లు పెట్టించుటలో జయము పొందిరి. ఆ తేదీనే మనము ఇప్పుడు జాతీయ మత్స్యరైతు దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఆ విద్యవలన దేశమున చేపపిల్లలకు కొరత తీరినది. కొల్లేటి చుట్టుపట్ల వేల ఎకరముల చేపల చెరువులు వెలసినవి.

మేలుతోపాటు ఒక జాగ్రత్తయు వచ్చినది. ఉత్పత్తి కేంద్రములలో లక్షల పిల్లలు చిన్న మడుగులలో పెరుగును. క్రిక్కిరిసిన చేపలే పురుగునకు కావలసినవి. శ్రద్ధగల కేంద్రములవారు మడుగులను ఎండగట్టి, సున్నము చల్లి, పిల్లలను పరీక్షించి అమ్ముదురు. శ్రద్ధలేనిచోట కొన్న పిల్లలతోపాటు పురుగును ఊరికి వచ్చును. కోస్తా జిల్లాల చేపల రైతులకు మొప్పపురుగును, చేపపేనును చిరపరిచితములు. లారీలో దూరమునుండి వచ్చు పిల్లలు ఏ చెరువు నీరు త్రాగి పెరిగినవో మనకు తెలియదు. కావున పరీక్షింపక వదలరాదు.

నార్వే దేశపు అనుభవము

ఒక దేశము ఇట్టి అజాగ్రత్తకు ఎంత మూల్యము చెల్లించినదో వినుడు. ఐరోపాలో నార్వే అను దేశము కలదు. దాని నదులలో సాల్మన్ అను చేప సమృద్ధిగా ఉండెడిది. 1970వ దశకమున పొరుగుననున్న స్వీడన్ దేశపు కేంద్రములనుండి నార్వేకు సాల్మన్ పిల్లలను తెచ్చిరి. 1975లో నార్వే నదులలో గైరోడాక్టిలస్ సలారిస్ అను చర్మపు పురుగు కన్పట్టినది. బాల్టిక్ సముద్రపు సాల్మన్ తరతరములుగా ఆ పురుగుతో మెలగి దానిని ఓర్చుకొనును. నార్వే సాల్మన్‌కు ఆ ఓర్పు లేదు. పిల్లచేపలు కుప్పలుగా చచ్చినవి. కాలక్రమమున సుమారు 50 నదులకు ఆ తెగులు వ్యాపించినది.

పారు నదిలో పురుగునకు మందు వేయుట సాధ్యమా? చివరకు ఆ ప్రభుత్వము రొటెనోన్ అను విషమును నదులలో కలిపి, పురుగుతోపాటు చేపలన్నిటిని చంపి, మరల తెగులు లేని చేపలతో నదులను నింపవలసివచ్చెను. చేప లేనిచో పురుగు ఉండదను సూత్రమే వారికి శరణ్యమైనది. దశాబ్దముల కాలము, అపారమైన ధనము ఇందుకు పట్టినవి.

వారు విషముతో చేసిన పనినే మనకు వేసవి ఎండ ప్రతి కరువు యేట ఉచితముగా చేసిపెట్టుచున్నది. కరువువలన మనకు కలుగు నష్టములు చెప్పనలవికానివి. కాని ఈ ఒక్క విషయమున కరువే మనకు కావలి. ఆ కావలి కడిగియిచ్చిన చెరువులోనికి శత్రువును మనమే కొనితెచ్చుకొనకుండుట మన చేతిలోని పని.

ఎండని చెరువుల సంగతి

ఇప్పుడు కాలము కొంత మారినది. తుంగభద్ర ఎగువ కాలువవలనను, హంద్రీ-నీవా పథకమువలనను కొన్ని చెరువులకు దూరనదుల నీరు చేరుచున్నది. ఇది మిక్కిలి సంతోషింపదగిన విషయము. అయితే వేసవిలోను నీరున్న చెరువు ఎండదు గావున, పైన చెప్పిన ఉచితపు శుద్ధి దానికి లేదు. ఒకమారు చేరిన పురుగు ఏటేటను నిలిచియుండును. కాలువ నీటితోపాటు వచ్చు చేపలు పురుగును తేగలవు. అట్టి చెరువులుగల పంచాయతీలు ఇతరులకంటె ఎక్కువ మెలకువ వహింపవలెను.

గొలుసుకట్టు చెరువులలో మరియొక చిక్కు కలదు. పై ఊరి చెరువు మరువ పారినప్పుడు దాని చేపలు క్రింది ఊరి చెరువునకు దిగును. పై ఊరివారు పరీక్షింపక వదలిన పిల్లల తెగులు క్రింది ఊరికి వరదతో దిగివచ్చును. కావున ఒకే వాగుపైనున్న పంచాయతీలు కూడబలుకుకొని, ఒకే పరీక్షిత స్థలమునుండి పిల్లలను తెచ్చుకొనుట మేలు.

పిల్లలను కొనునప్పుడు

పిల్లల సంచులు ఊరికి వచ్చిన దినమున వెంటనే చెరువులో క్రుమ్మరింపరాదు. మొదట ప్రతి సంచినుండి కొన్ని పిల్లలను తీసి చూడవలెను. ఆరోగ్యముగల పిల్ల చురుకుగా ఈదును. మొప్పమూత ఎత్తి చూచినచో మొప్ప ఎర్రగా నిగనిగలాడును. తెగులుగల పిల్ల మొప్ప పాలిపోయి, వాచి, జిగురుతో నిండియుండును. మొప్పమూతలు విచ్చుకొని యుండును. మొప్ప తునకను గాజుబిళ్లపై నీటిచుక్కలో ఉంచి సూక్ష్మదర్శినిలో చూచినచో పురుగులు సాగుచు ముడుచుకొనుచు స్పష్టముగా కనబడును. మత్స్యశాఖవారికి ఈ పరీక్ష కొన్ని నిమిషముల పని. సమీపముననున్న కళాశాల జంతుశాస్త్ర ప్రయోగశాలలోను ఇది సాధ్యమే. ఒక్కమారు మన కంటితో ఆ పురుగును చూచితిమా, పరీక్ష లేని పిల్లను కొనుటకు మనకే మనసొప్పదు.

పురుగు కనబడినచో ఆ పిల్లలను త్రిప్పి పంపుటయే ఉత్తమము. కనబడకపోయినను, వదలుటకు ముందు ఉప్పునీట ముంచుట మంచి అలవాటు. 10 లీటర్ల మంచినీటిలో 200 గ్రాముల మామూలు ఉప్పు కరగించిన రెండు శాతము ఉప్పునీరగును. వలసంచిలో ఉంచిన పిల్లలను ఆ నీటిలో రెండు మూడు నిమిషములు మాత్రము ముంచవలెను. పిల్లలు ప్రక్కకు ఒరిగినచో నిమిషము కాకున్నను తక్షణము తీసి మంచినీటిలో వదలవలెను. మొదట పది పిల్లలపై ప్రయత్నించి, అవి కోలుకొనినవని చూచిన పిమ్మటనే తక్కినవానిని ముంచవలెను. ఉప్పు అనేక పురుగులను రాల్చును గాని గ్రుడ్లను చంపజాలదు. కావున ఉప్పును నమ్మి పరీక్షను మానరాదు. ఫార్మలిన్ వంటి మందులు నీటిలోని ప్రాణవాయువును తగ్గించును, మనుష్యులకును హానికరములు. మత్స్యశాఖ అధికారి లేక వానిని ముట్టరాదు.

పిల్లల పరిమాణము, సంఖ్య

బియ్యపుగింజంత పిల్లలు చౌక. అందుచే వానిని లక్షల కొలది కొని వదలవలెనని తోచును. కాని చిన్నపిల్లను పురుగు త్వరగా చంపును. కొరమీను, కొంగ మ్రింగును. మన చెరువులో నీరు నిలుచునదే ఆరేడు నెలలు. కావున 80 నుండి 100 మిల్లీమీటర్ల పొడవుగల ఎదిగిన పిల్లలను తక్కువ సంఖ్యలో వదలుట లాభకరము. చెరువు నిండినప్పటి విస్తీర్ణమును చూచి లెక్క కట్టరాదు. ఫిబ్రవరి, మార్చి మాసములలో మిగులు నీటిని చూచి లెక్క కట్టవలెను. పైన చూపిన 60, 600ల లెక్క ఇందుకే చెప్పితిమి.

బొచ్చె, రాగండి, ఎర్రమోసు మూడింటిని కలిపి పెంచుటవలన మరియొక లాభమున్నది. మొప్పపురుగులలో చాలవరకు ఒక్కొక్క రకము ఒక్కొక్క చేపనే ఆశ్రయించును. రాగండి పురుగు కొరమీనుపై బ్రతుకదు. అందుచే కలిపి పెంచినచోట ఒక పురుగు చెరువంతటిని తుడిచిపెట్టుట కష్టము. ఒకే రకమును క్రిక్కిరియ పెంచినచోట ఆ రక్షణ లేదు.

చెరువు తగ్గునప్పుడు

జనవరి దాటిన పిమ్మట వారమునకు రెండుమారులు చెరువును పరికింపవలెను. నీరుగంటికిని, మత్స్యకార సంఘమువారికిని ఈ పని అప్పగింపవచ్చును. వేకువజామున చేపలు పైకి వచ్చి నోరు తెరచి, ప్రొద్దెక్కినకొలది లోనికి పోయినచో అది ముఖ్యముగా ప్రాణవాయువు కొరత. మధ్యాహ్నమైనను పైననే యుండి, గట్టుకును రాళ్లకును ఒరసికొనుచున్నచో పురుగును శంకింపవలెను. అప్పుడు నాలుగు చేపలను పట్టి మొప్పలు చూచిన సంగతి తేలును.

పెద్ద చెరువునంతటికిని మందు వేయుట వ్యయప్రయాసములతో కూడిన పని. పశువులు త్రాగు నీటిలో మందు కలుపుట తగదు. మన చేతిలోనున్న గొప్ప మందు వల. చేపల సంఖ్యను తగ్గించినచో మిగిలినవానికి చోటును, గాలియు దొరకును. పురుగునకు ఆహారము దూరమగును. నీరు సగమునకు తగ్గినప్పుడే పెద్ద చేపలను మొదటి విడతగా పట్టి అమ్మవలెను. చివరివరకు ఆగినచో ఇంకొక పావుకిలో ఎదుగునను ఆశతో, ఉన్న కిలోను పోగొట్టుకొనుట జరుగును. కౌలు ఒప్పందములో మొదటి పట్టుబడికి వీలు కల్పించుట పంచాయతీ చేయదగిన పని. ఒప్పందము అడ్డువచ్చి చేప చచ్చినదన్న మాట రాకూడదు.

ఆ చేపను తినవచ్చునా?

ఊరిలో ఈ ప్రశ్న తప్పక పుట్టును. చేపకు పురుగు పట్టినదని పుకారు లేచిన సంతలో చేప అమ్ముడుపోదు. మొప్పపురుగు చేపపై మాత్రమే బ్రతుకగలదు; మనుష్యులకు సోకదు. చేపను శుభ్రపరచునప్పుడు మొప్పలను తీసివేయుదుము. ఉడికించిన పులుసులో ఏ పురుగును మిగులదు. థాయిలాండు, లావోస్ వంటి దేశములలో పచ్చిచేపను తినుటవలన కాలేయమునకు వచ్చు జలగ వేరొక తెగకు చెందినది; దానికి నత్త కావలెను. చేపను ఉడికించి తిను మన ఆచారము మంచిది. బ్రతికియుండగా పట్టిన చేపను నిర్భయముగా తినవచ్చును. చచ్చి తేలిన చేపను మాత్రము, కారణమేదైనను, అమ్మరాదు, తినరాదు. దూరముగా గుంత తీసి సున్నము చల్లి పూడ్చవలెను.

పంచాయతీ చేయదగిన తీర్మానము

చెప్పిన సంగతులన్నియు ఒక తీర్మానములో ఇముడును. పరీక్ష జరిగిన పిల్లలనే చెరువులో వదలవలెను. ఉప్పునీట ముంచక వదలరాదు. మార్చి నాటి నీటిని బట్టి పిల్లల సంఖ్యను నిర్ణయింపవలెను. నీరు సగమునకు తగ్గిన వెంటనే మొదటి పట్టుబడి జరుగవలెను. చెరువు ఎండునప్పుడు తూము ప్రక్కల గుంతలలో మిగిలిన చేపలను సంపూర్ణముగా పట్టివేసి, అడుగు నెఱ్ఱెలు విచ్చువరకు ఎండనీయవలెను. చేపలు చచ్చినచో మొదట మొప్పలు చూచి, పరీక్షకు పంపి, ఫలితము వచ్చువరకు ఎవరిపైనను నింద మోపరాదు.

వీనిలో దేనికిని పెద్ద నిధులు అక్కరలేదు. ఒక బకెట్టు, కొంత ఉప్పు, ఒక వల, మత్స్యశాఖవారికి ముందుగా పంపు ఒక కబురు చాలును. గ్రామ సచివాలయమున మత్స్యసహాయకుడు ఉన్నచోట ఈ కబురు మరింత సులభము.

మా ఈ వ్యాసమును సభ్యులు తరువాతి సమావేశమున చదివించి, మత్స్యకార సంఘము పెద్దలను, నీరుగంటిని పిలిపించి చర్చింపవలెనని కోరుచున్నాము. ఈ సీమలో నీటిచుక్క ఎంత విలువైనదో మీకు మేము చెప్పనక్కరలేదు. ఆ నీటిలో పెరిగిన చేప కడపటి నెలలో గట్టున పడి కుళ్లకుండ, సంతకు చేరి, మత్స్యకారుని ఇంటికి గింజలుగాను, పంచాయతీ పెట్టెకు రాబడిగాను మారవలెను. వచ్చు వానకాలమున పిల్లల సంచులు మీ చెరువుగట్టునకు చేరిన నాడు, వాని ముడి విప్పుటకు ముందు ఒక్క పిల్ల మొప్పమూతనైనను ఎత్తి చూడుడు.